అవ్వ నోట గోపల్ల గ్రామం

కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ 1976లో వచ్చిన తమిళ నవల. రాసినాయన ఇంటి భాష మాత్రం మన తెలుగే. ఊరు కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్. చెన్నాదేవి అందం మీద పాలకుడి కన్ను పడితే, ఆమెను కాపాడుకోడానికి అయినవాళ్లంతా ఇల్లూ వాకిలీ వదిలి దక్షిణానికి పారిపోతారు. అడవి కొట్టి ఊరు కట్టుకుంటారు. ఆ వలస కథ చెప్పేది 137 ఏళ్ల మంగత్తాయారు అవ్వ. అందుకే, చెట్టు వంగి ఏరు దాటించిందన్నా నమ్మేస్తాం!

మా అవ్వకి ఏ లిపీ రాదు. రాత్రిపూట తమిళం చూస్తూ తెలుగులో చెప్పాను. నాకు మాట తట్టనిచోట ఆమే అందించేది.

“పిల్లదే తప్పనలేదా?” అనడిగింది.

“లేదవ్వా, పిల్లకోసం ఊరే లేచింది.”

నమ్మలేదు. ఆ పేజీ మళ్లీ చెప్పించుకుంది.