కార్పొరేటరమ్మ మన వీధికి వస్తే ఏం అడగాలి?

"కార్పొరేటరు గారు వస్తున్నారట" అని వీధి చివర నుంచి కబురు రాగానే మనలో చాలామందిమి ఏం చేస్తామో చెప్పండి? కొంగు సర్దుకుని గుమ్మంలోకి వచ్చి నమస్కారం పెడతాం. "బాగున్నారా అమ్మా?" అంటే "బాగున్నామండీ" అంటాం. వాళ్లు మలుపు తిరిగిపోయాక పక్కింటి వదినగారితో "అయ్యో, కాలువ సంగతి అడగాల్సింది కదూ!" అనుకుంటాం.

అడగడం మగవాళ్ల పని అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. కుళాయి ఎన్ని గంటలకు వస్తుందో, ఏ రోజు నీళ్ల రంగు మారిందో, చెత్త బండి రాక ఎన్నాళ్లయిందో ఇంట్లో ఎవరికి తెలుసు? మనకే. తెలిసినవాళ్లు ఊరుకుంటే తెలియనివాళ్లు ఏం అడుగుతారు?

ఇది ఊరికే చెప్పుకునే కబురు కాదండీ, ప్రాణాల మీదికి వచ్చే సంగతి. గుంటూరు వాళ్లకు 2018 మార్చి నెల గుర్తుండే ఉంటుంది. ఆనందపేటలోనూ, ఆ చుట్టుపక్కల పేటల్లోనూ వాంతులు, విరేచనాలతో వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. పదిమందికి పైగా చనిపోయారు. తాగే నీళ్లలో మురుగు కలవడమే అందుకు కారణం. 2024 ఫిబ్రవరిలో నగరంలో మళ్లీ అతిసారం వచ్చింది, మళ్లీ ప్రాణాలు పోయాయి.

మంచినీళ్లలోకి మురుగు ఎలా వస్తుంది?

గుంటూరుకు కృష్ణ నీళ్లు ఉండవల్లి నుంచి వస్తాయి. తక్కెళ్లపాడులో వాటిని శుద్ధి చేస్తారు. సంగం జాగర్లమూడిలో ఇంకో శుద్ధి కేంద్రం ఉంది. అక్కడ శుభ్రంగా బయలుదేరిన నీళ్లు మన బిందెలోకి వచ్చేలోపు మైళ్ల కొద్దీ గొట్టాల్లో ప్రయాణం చేయాలి. పాత గొట్టాలు చాలాచోట్ల మురుగు కాలువ పక్కగానో, కాలువలోంచో పోతాయి. నీళ్లు వదిలినంతసేపూ గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారతాయి. నీళ్లు కట్టేశాక గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లులోంచి బయటి మురుగు లోపలికి పోతుంది. మర్నాడు కుళాయి తిప్పగానే ముందుగా వచ్చేది అదే!

ధార సన్నగా వస్తోందని కొందరు గుంట తవ్వి, అందులో కుళాయి పెట్టుకుంటారు. వాన పడితే ఆ గుంటలో మురుగు నిలుస్తుంది. ఇంకొందరు కుళాయికే మోటారు బిగిస్తారు. ఆ మోటారు నీళ్లతో పాటు చిల్లుల్లోని మురుగునూ లాగుతుంది. ఆ ఇంటివాళ్లకే కాదు, ఆ లైను మీద ఉన్న అందరికీ అది ముప్పే.

నీళ్లలో వాసన వస్తే "మా కుళాయిలోనే ఏమో" అని మనం బిందె పారబోసి ఊరుకుంటాం. పక్కింటావిడా అలాగే పారబోస్తుంది. పదిళ్లలో పది బిందెలు పారబోసినా ఒక్క ఫిర్యాదు కూడా వెళ్లదు. అక్కడే ఉంది అసలు లోపం.

ఆమె చేతిలో ఏముంది?

గుంటూరు 1866లో మునిసిపాలిటీ అయింది, 1994లో కార్పొరేషన్ అయింది. ఇన్నేళ్ల చరిత్ర ఉన్న ఊళ్లో 2010 నుంచి 2021 దాకా కార్పొరేటరు అన్నవాళ్లే లేరు. ఎన్నికలు జరగక ప్రత్యేకాధికారులతోనే నడిచింది. 2021 మార్చిలో 57 డివిజన్లకు ఎన్నికలు జరిగాయి. అదే నెలలో ఒంగోలు కార్పొరేషన్‌లో 50 డివిజన్లకు జరిగాయి. అక్కడ గంగాడ సుజాత గారు మేయరయ్యారు.

1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలక మండళ్లలో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు తప్పనిసరి చేసింది. మన రాష్ట్రంలో అది సగానికి పెరిగింది. సీటు ఆమెది, సంతకం ఆమెది. మాట్లాడేది మాత్రం చాలాచోట్ల వారి శ్రీవారు! మనం కూడా ఆమె ఎదురుగా ఉన్నా "సారు గారికి చెప్పండమ్మా" అంటాం. ఈసారి అలా అనకండి. ఆమెనే అడగండి. అడిగేవాళ్లుంటే ఆమెకూ తెలుసుకుని చెప్పే అలవాటు వస్తుంది.

కార్పొరేటరు చేతిలో డబ్బు పెట్టె ఉండదు. గొట్టం మార్చడానికి ఇంజనీరు అంచనా వేయాలి, మంజూరు కావాలి, టెండరు పిలవాలి. మరి ఆమె చేయగలిగిందేమిటి? కౌన్సిల్ సమావేశంలో లేచి అడగవచ్చు. మన వీధి పని జాబితాలో చేరేలా పట్టుబట్టవచ్చు. అధికారిని వెంటబెట్టుకుని వచ్చి చూపించవచ్చు. అందుకే "కాస్త చూడండమ్మా" అనే మాట చాలదు. ఇలా అడిగి చూడండి:

* మా లైను గొట్టం ఏ సంవత్సరం వేసింది? కాలువలోంచి పోతోందా?
* మా వీధి పనికి అంచనా వేశారా? అది ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉంది?
* వీధి చివరి ఇంటి దగ్గర నీళ్లలో క్లోరిన్ పరీక్ష ఎప్పుడు చేశారు? (కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. సిబ్బంది మందు చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరగాలి.)
* కాలువ పూడిక ఎప్పుడు తీస్తారు? తీసిన మట్టి ఎన్నాళ్లకు ఎత్తుతారు?
* పోయిన కౌన్సిల్ సమావేశంలో మా డివిజన్ గురించి ఏం మాట్లాడారు?

చివరి ప్రశ్న మరిచిపోకండి. నెలకోసారి ఆమె వీధికి వచ్చి జరిగింది జరిగినట్టు, కానిది కానట్టు చెబితే అంతకు మించిన సాయం లేదు. "ఈ నెల కాలేదమ్మా, ఫలానా కారణం" అన్నా మనకు ఒక దారి తెలుస్తుంది.

పాల లెక్కలాగే వీధి లెక్క

పాలవాడి లెక్కకు పుస్తకం పెట్టుకుంటాం కదా, వీధికీ ఒకటి పెట్టండి. వంద పేజీల పుస్తకం చాలు. తేదీ, ఏం జరిగింది, ఎవరికి చెప్పాం, ఫిర్యాదు నంబరు, పని ఎప్పుడయింది - ఈ ఐదు గీతలు గీయండి. "ఎప్పట్నించో రావట్లేదండీ" అనే మాటకు విలువ లేదు. "ఈ నెలలో నాలుగు రోజులు నీళ్లు రాలేదు, ఇవిగో తేదీలు" అంటే ఎంతటి అధికారయినా వినాల్సిందే.

2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. తర్వాత పేర్లలో, ఉద్యోగుల సర్దుబాట్లలో మార్పులు వస్తున్నా, నీళ్లకు, పారిశుధ్యానికి, ఆరోగ్యానికి వార్డు స్థాయిలో ఎవరిని అడగాలో కనుక్కుని వాళ్ల పేర్లు అట్ట వెనక రాసుకోండి. అక్కడ కాకపోతే కార్పొరేషన్ ఆఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోకుండా రాకండి. అదీ కాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. పాలకవర్గం గడువు ఐదేళ్లే. అది ఉన్నా, తీరిపోయి ప్రత్యేకాధికారి వచ్చినా, మన పుస్తకం మాత్రం మన దగ్గరే ఉంటుంది.

మన పేటల్లో అందరికీ అడిగే తీరిక ఉండదు. మిరపకోతలు, పత్తితీతలు వస్తే తెల్లారకముందే ఆటో ఎక్కేవాళ్లున్నారు. రోజంతా తొడిమలు తీసి, ఘాటుకు దగ్గుతూ ఇంటికి చేరేవాళ్లున్నారు. కుళాయి వచ్చే వేళకు వాళ్లు ఇంట్లో ఉండరు, కార్పొరేటరమ్మ వచ్చే వేళకూ ఉండరు. ఇంటిపట్టున ఉన్నవాళ్లం వాళ్ల ఇంటి సంగతి కూడా పుస్తకంలో రాయాలి. పొదుపు సంఘం సమావేశంలో వాయిదా డబ్బు లెక్క అయ్యాక పది నిమిషాలు ఈ పుస్తకానికి ఇవ్వండి. అర్జీ మీద ఒక సంతకం కన్నా పాతిక సంతకాలు, వేలిముద్రలు మేలు.

చీరాల ఆడపడుచు

"మునిసిపాలిటీ గొడవలు మనకెందుకమ్మా?" అనేవాళ్లకు చీరాల కథ చెప్పండి. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేసింది. నాలుగు వేల రూపాయలుండే పన్ను నలభై వేలకు పోయింది. నేతపని మీద బతికే జనం ఎక్కడ తెస్తారు? కట్టమన్నారు. కట్టనందుకు జైలుకు వెళ్లినవాళ్లలో రావూరి అలమేలమ్మ ఉంది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో వేలమంది ఊరు ఖాళీ చేసి, ఊరి బయట రామనగరులో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. పాకల్లో పొయ్యి రాజేసింది, నీళ్లు మోసింది, పిల్లల్ని సాకింది ఆడవాళ్లే కదా! ఆ రోజుల్లో వాళ్లకు ఓటు లేదు, సీటు లేదు. మనకు రెండూ ఉన్నాయి. ఇంటి పన్ను, నీటి పన్ను కడుతున్నాం. అడగడానికి మొహమాటమెందుకు?

కుళాయి నీళ్లు తేడాగా ఉంటే

* ముందుగా వచ్చే నీళ్లు వదిలేయండి. రంగు, వాసన ఉంటే తాగడానికీ వంటకూ వాడకండి.
* సీసాలో కొంచెం పట్టి, తేదీ రాసి ఉంచండి. అదే రోజు ఫిర్యాదు చేయండి. ఇరుగుపొరుగుకూ చెప్పండి.
* అనుమానం ఉన్నన్నాళ్లూ కాచిన నీళ్లే తాగండి. తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచి దించాలి. చల్లారాక మూత పెట్టి, కాడ ఉన్న గరిటెతో ముంచండి.
* విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు కలిపి ఇవ్వండి. అది లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో తలగొట్టి కొలవాలి. కొద్దికొద్దిగా తాగించండి. ఒక రోజు దాటితే పారబోసి మళ్లీ కలపండి.
* పసిపిల్లలకు తల్లిపాలు ఆపకండి. కళ్లు లోతుకు పోయినా, ఒంటేలు తగ్గినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకెళ్లండి.
* ఒకే వీధిలో రెండిళ్లలో విరేచనాలు మొదలైతే ఆ రోజే ఆరోగ్య సిబ్బందికీ, కార్పొరేటరుకూ కబురు పెట్టండి. మూడో ఇంటి దాకా ఆగవద్దు.