ఖాళీ కుర్చీకి ధర ఎంత?

సంతలో టమాటాలు అమ్మే అక్కను చూడండి. పొద్దున ఒక ధర చెబుతుంది. పొద్దుగూకే వేళకు తగ్గించేస్తుంది. ఎందుకు? మిగిలితే రేపటికి మెత్తబడిపోతాయి. ఎంతో కొంతకు అమ్ముకుంటేనే మేలు.

ఫుట్‌బాల్ ఆట టికెట్టూ అంతే. ఆట అయిపోయాక ఖాళీ కుర్చీని ఎవరు కొంటారు? టమాటాలే నయం, పచ్చడన్నా పెట్టుకోవచ్చు!

ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ అనే ఊరు ఉంది. ఆ ఊరి జట్టు బ్రాడ్‌ఫర్డ్ సిటీ. 2007లో అది ఓడి ఓడి నాలుగో మెట్టుకు దిగిపోయింది. మైదానంలో చూస్తే 25 వేల కుర్చీలు. ఓడే జట్టును చూడ్డానికి ఎవరొస్తారు? అందుకని ఏడాది టికెట్టు 138 పౌండ్లకే ఇచ్చారు. పౌండు అంటే అక్కడి డబ్బు. ఏడాదిలో సొంత మైదానంలో ఆడేవి 23 ఆటలు. లెక్క వేయండి. ఆటకు 6 పౌండ్లే పడింది. ఆ ఏడు ఒక్కో ఆటకు సరాసరిన 13 వేల మందికి పైగా వచ్చారు. వచ్చినవాళ్లు టీ తాగుతారు, ఏదో ఒకటి కొని తింటారు.

తగ్గించే చెయ్యే పెంచుతుంది కూడా. లివర్‌పూల్ జట్టు యజమానులు కొన్ని టికెట్ల ధర 77 పౌండ్లు చేస్తామన్నారు. జనానికి కోపం వచ్చింది. 2016 ఫిబ్రవరిలో ఒక ఆట జరుగుతుండగా, సరిగ్గా 77వ నిమిషంలో వేల మంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2 గోల్స్ ముందుంది. వాళ్లు వెళ్లాక ఎదుటి జట్టు 2 గోల్స్ కొట్టి సమం చేసేసింది! కొద్ది రోజులకే యజమానులు ఆ ధరను వెనక్కి తీసుకున్నారు.