కోరమండల్: గనుల సీమలో స్థానిక పరిపాలనము

కోరమండల్ అనగానే తెలుగువారికి తూర్పు సముద్రతీరము స్ఫురించును. ఇచ్చట చెప్పబడు కోరమండల్‌కు సముద్రము లేదు. అది కర్ణాటకమందలి కోలారు జిల్లాలో, ఆంధ్ర సరిహద్దునకు చేరువగా, బంగారుగనుల సీమలో నున్నది. బంగారుపేట నుండి మారికుప్పమునకు పోవు రైలుమార్గమున అది యొక స్టేషను. నేల మెట్ట, రాతిమయము. గనుల పట్టణమునకు త్రాగునీరు పాలారుపై నున్న బేతమంగల చెరువు నుండి తేబడినది.

సాధారణముగా ఊరు ముందు పుట్టును, పరిపాలనము పిదప వచ్చును. ఇచ్చట గని ముందు వచ్చినది. 1880లో జాన్ టేలర్ కంపెనీ పని ప్రారంభించిన పిమ్మట, కార్మికుల ఇండ్లు, బాటలు, ఆసుపత్రి దాని అధీనముననే వెలసినవి. పారిశుద్ధ్యమునకు శానిటరీ బోర్డు ఏర్పడినది. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనపరచుకొనెను. 1962లో అవి కేంద్రమునకు సంక్రమించెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను.

గని పోయినను ఊరు పోలేదు. నీరు, మురుగుకాలువ, వీధిదీపము అడుగుటకు నేడు జనులకు దిక్కు 35 వార్డుల రాబర్ట్‌సన్‌పేట నగరసభ. కాని గనులభూమి మూసివేత తరువాతను సంస్థదిగానే నిలిచినది. ఇంటి ముందరి వీధికి నగరసభ, ఇంటి క్రింది నేలకు సంస్థ యజమానులైరి. తరతరములుగా ఆ ఇండ్లలో కాపురమున్న కార్మిక కుటుంబములకు పట్టా ప్రశ్నయే ముఖ్యమైనది. స్థానిక స్వపరిపాలనము సంపూర్ణమగుటకు ఓటుతోబాటు నిలువ నేలయు కావలెను.