వానలు వెలిశాక ఇంటిల్లిపాదీ జాగ్రత్త

వానలు వెలిశాయి కదా, ఇక భయం లేదనుకోకండి. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లోనే దోమకాటు, పాముకాటు, కాలిన గాయాలు పొంచి ఉంటాయి. కన్నబిడ్డలను కాపాడుకోవడమూ కుటుంబ సంక్షేమమే.

దోమకాటు: డెంగ్యూ దోమ మనం పట్టి ఉంచుకున్న మంచినీటిలోనే పెరుగుతుంది, పగటిపూట కుడుతుంది. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందుచేత వారానికొకసారి తొట్లు, కుండలు ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టండి. జ్వరానికి ఆస్పిరిన్ వేయవద్దు, రక్తస్రావం కావచ్చు. జ్వరం తగ్గాక కూడా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

పాముకాటు: చీకట్లో పొలానికి వెళ్లేటప్పుడు టార్చిలైటు, కాళ్లకు బూట్లు ఉండాలి. పాము కరిస్తే తాడు బిగించవద్దు, గాటు పెట్టవద్దు, మంత్రాలతో పొద్దుపుచ్చవద్దు. కరిచిన కాలు లేదా చెయ్యి కదలనీయకుండా ఆసుపత్రికి చేర్చండి. విరుగుడు సూదిమందు అక్కడే ఉంటుంది.

కాలిన గాయాలు: దీపావళికి పిల్లలకు నూలు బట్టలే తొడగండి. పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకోండి. చెయ్యి కాలితే 20 నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయండి. సిరా, పేస్టు, పసుపు పూయకండి.

ఆపద వస్తే 108కి ఫోన్ చేయండి. సందేహం ఉంటే మీ ఊరి ఆరోగ్య కార్యకర్తను అడగండి.