గుర్రం ఒకరిది, పెత్తనం పదిమందిది

ఇంగ్లండ్‌లో గుర్రాన్ని పెంచుకునేవాళ్లంతా జమీందార్లు కారు. టీచర్లు, నర్సులు, ఆఫీసు ఉద్యోగులు కూడా జీతంలోంచి కొంత పక్కన పెట్టి ఒక గుర్రాన్నో పోనీనో సాకుతుంటారు. వాళ్లలో చాలామందికి సొంత పొలం ఉండదు. అందుకే ఊరి శివార్లలో లివరీ యార్డులు నడుస్తుంటాయి. నెలకింత అద్దె కడితే గుర్రానికి ఒక గది, మేయడానికి పచ్చిక, జీనూ కళ్లెం దాచుకోవడానికి చోటు ఇస్తారు. ఫుల్ లివరీ అయితే దాణా, శుభ్రం, మేతకు వదలడం అన్నీ యార్డు సిబ్బందే చూసుకుంటారు. పార్ట్ లివరీలో పని సగం సగం. డీఐవై లివరీలో అద్దె మాత్రమే యార్డుకు, చాకిరీ అంతా యజమానిది. తెల్లవారగానే ఒకసారి, ఆఫీసు అయ్యాక మరోసారి వచ్చి పేడ ఎత్తాలి, నీళ్లు నింపాలి, గడ్డి వెయ్యాలి.

పేచీలు ఎక్కువగా వచ్చేది ఈ మూడో రకంలోనే. ఒకే ఆవరణలో పది పదిహేను గుర్రాలు, అంతమంది యజమానులు. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. చలిగా ఉందని పక్కవాళ్ల గుర్రానికి ఒకరు రగ్గు కప్పుతారు, పాపం ఆకలితో ఉందని ఇంకొకరు గడ్డి వేస్తారు, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మరొకరు అడక్కుండానే మేత మార్చేస్తారు. వీటిలో చాలా భాగం జాలితో చేసేవే. కానీ జాలితో పెట్టిన మేతైనా గుర్రం కడుపులో పడ్డాక అది చేసే పని అది చేస్తుంది.

తెలుగువాళ్లకు ఈ తగువు కొత్తగా అనిపించవచ్చు. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో గుర్రం యజమాని ఎవరైనా దాని బాగోగులు ట్రైనర్ చేతిలో ఉంటాయి. రోజూ మాలిష్ చేసి దాణా పెట్టేది సాయీసు. ఏం పెట్టాలో ఎంత పెట్టాలో చెప్పే నోరు ఒక్కటే. డీఐవై యార్డులో అలాంటి ఒక్క నోరు ఉండదు. పైగా పశువుకు గుప్పెడు మేత పెట్టడం మన దగ్గర పుణ్యకార్యం. ఆ అలవాటుతో చూస్తే, ఎవరో గుర్రానికి ఒక యాపిల్ పెడితే ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది.

ఎందుకో తెలియాలంటే గుర్రం కడుపు సంగతి తెలియాలి. ఆవులా గుర్రం నెమరు వెయ్యదు. దాదాపు 500 కిలోల జంతువుకు జీర్ణాశయం పట్టేది 8 నుంచి 15 లీటర్లే. తిన్నది పడకపోతే కక్కేయడానికీ లేదు, గుర్రం వాంతి చేసుకోలేదు. పీచు అరిగేది పెద్దపేగులో, అక్కడ కాపురముండే సూక్ష్మజీవుల వల్ల. మేత ఉన్నట్టుండి మారినా, గింజ ఎక్కువైనా ఆ సూక్ష్మజీవుల సమతూకం చెదిరిపోతుంది. గ్యాసు పట్టి కడుపునొప్పి మొదలవుతుంది. కోలిక్ అని పిలిచే ఈ నొప్పి కొన్నిసార్లు కాసేపట్లో సర్దుకుంటుంది, కొన్నిసార్లు ఆపరేషన్ దాకా వెళ్తుంది, ప్రాణమే తీసిన సందర్భాలూ ఉన్నాయి. యాపిల్ ముక్కో క్యారట్ ముక్కో గొంతులో అడ్డం పడే ప్రమాదం దీనికి అదనం. క్యారట్‌ను గుండ్రంగా కాకుండా నిలువుగా పొడుగ్గా కోసి పెట్టమనేది అందుకే.

దీనికంటే దొంగదెబ్బ తీసేది లామినైటిస్. గిట్టలోపలి ఎముకను పైగోడకు పట్టి ఉంచే సున్నితమైన పొరలు దెబ్బతిని, గుర్రం బరువుకు ఆ ఎముక తిరగడమో కిందికి జారడమో జరుగుతుంది. అడుగు తీసి అడుగు వెయ్యలేనంత నొప్పి. ముదిరిపోతే గుర్రాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చడం తప్ప దారి ఉండదు. ఇన్సులిన్ అదుపు తప్పిన గుర్రాలకు, లావెక్కిన పోనీలకు పచ్చిగడ్డిలోని చక్కెరే శత్రువు. రాత్రి మంచు గడ్డకట్టి, పొద్దున ఎండ కాసిన రోజున గడ్డిలో ఈ చక్కెరలు బాగా పేరుకుంటాయి. ఆ సంగతి తెలిసిన యజమాని అలాంటి పొద్దుట గుర్రాన్ని గదిలోనే ఉంచుతాడు. బయట ఇంత చక్కటి ఎండ, పాపం ఇది ఒక్కతే లోపల ఉందే అనుకుని యార్డులో మరొకావిడ తలుపు తీసి మేతకు వదిలిందంటే నెలల జాగ్రత్త ఒక్క పూటలో గంగలో కలిసినట్టే.

చిక్కం మన రైతులకు తెలియనిది కాదు. నూర్పిడి వేళ, పైరు మధ్య గుంటక తోలేటప్పుడు ఎద్దు మూతికి కడతారు. లావెక్కిన పోనీలకూ అలాంటిదే ఒకటి పెడతారు. అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, దాంట్లోంచి కొద్దికొద్దిగా గడ్డి పరకలు అందుతాయి, నీళ్లు తాగొచ్చు, మందతో కలిసి తిరగొచ్చు. చూసేవాళ్లకు మాత్రం అది శిక్షలా కనిపిస్తుంది. యార్డుల్లో పక్కవాళ్లు జాలిపడి విప్పేసే వస్తువుల్లో ఇదొకటి. పోనీ గిట్టలను కాపాడుతున్నది అదేనని విప్పేవాళ్లకు తెలియదు.

రగ్గు విషయంలోనూ ఇంతే. మనిషికి చలేస్తే గుర్రానికీ చలేస్తుందనుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న గుర్రం సుమారు 5 నుంచి 25 డిగ్రీల మధ్య పెద్దగా శ్రమపడకుండానే ఒంటి వేడిని నిలుపుకోగలదు. చలికాలపు దట్టమైన బొచ్చు, పీచు అరిగేటప్పుడు పుట్టే వేడి దానికి సహజమైన దుప్పటి. అలాంటి గుర్రానికి దళసరి రగ్గు కప్పితే లోపల చెమట పట్టి, అది ఆరక అవస్థ పడుతుంది. బరువు తగ్గాల్సిన గుర్రమైతే చలికాలంలో సహజంగా కరగాల్సిన కొవ్వు కరగదు. చిక్కిపోయిన ముసలి గుర్రానికీ, బొచ్చు కత్తిరించిన గుర్రానికీ మాత్రం రగ్గు నిజంగానే కావాలి. ఏది ఏ గుర్రమో దాన్ని సాకేవాళ్లకే తెలుస్తుంది.

పోటీలకు వెళ్లే గుర్రాల సంగతి మరీ సున్నితం. ఎలిజబెత్ రాణి గుర్రం ఎస్టిమేట్ 2013లో ఆస్కాట్ గోల్డ్ కప్ గెలిచింది. మరుసటి ఏడు అదే పందెంలో రెండో స్థానంలో వచ్చింది. కానీ పరీక్షలో దాని ఒంట్లో మార్ఫిన్ ఆనవాళ్లు కనిపించాయి. కలుషితమైన మేతే కారణమని తేలినా ఆ స్థానం దక్కలేదు. గుర్రం కడుపులోకి ఏం వెళ్తోందో గింజగింజకూ లెక్క చూసుకునే చోటే ఇలా జరిగింది. అలాంటిది, ఎవరి జేబులోంచి ఏం వచ్చి దాణా బక్కెట్లో పడుతోందో తెలియని యార్డులో పోటీదారు కంగారు పడడంలో వింతేముంది?

మందుల దగ్గర సాయం అనే మాటకు అసలు చోటే లేదు. కుంటుతున్న గుర్రానికి తన దగ్గర మిగిలిన బ్యూట్ పొట్లం కలిపి పెట్టేవాళ్లు ఉంటారు. ఫినైల్‌బ్యూటజోన్ అనే ఈ నొప్పి మందు డాక్టరు చీటీ మీదే ఇవ్వాలి. అది వాడిన గుర్రాన్ని మాంసానికి పంపకూడదని దాని పాస్‌పోర్టులో రాయాలి. పైగా మందు నొప్పిని కప్పేస్తే, కుంటు ఎక్కడుందో కనిపెట్టాల్సిన డాక్టరుకు ఆ దారే మూసుకుపోతుంది.

చట్టం ఏమంటుంది? ఇంగ్లండ్, వేల్స్‌లలో 2006 జంతు సంక్షేమ చట్టం ప్రకారం జంతువుకు తగిన చోటు, తగిన ఆహారం, సహజ ప్రవర్తనకు అవకాశం, తోడు లేదా ఏకాంతం, నొప్పి, రోగాల నుంచి రక్షణ అందించాలి. ఆ బాధ్యత యజమానితో పాటు తాత్కాలికంగా ఆ జంతువు ఎవరి అధీనంలో ఉంటే వాళ్ల మీదా పడుతుంది. రెండు రోజులు చూసుకుంటానని ఒప్పుకున్న స్నేహితురాలు కూడా ఆ రెండు రోజులకూ జవాబుదారే. ఎవరి జంతువైనా సరే, అనవసరంగా హింసపెట్టిన వాళ్లకు గరిష్ఠ శిక్షను 2021లో ఆరు నెలల నుంచి ఐదేళ్లకు పెంచారు. ఇక చట్టం దృష్టిలో గుర్రం యజమాని ఆస్తి, అందులో వేలు పెట్టడాన్ని ఇతరుల వస్తువుల్లో జోక్యంపై 1977లో వచ్చిన చట్టం కింద సివిల్ కోర్టులో ప్రశ్నించవచ్చు. అయితే కోర్టు మెట్లెక్కే స్తోమత, ఓపిక ఎందరికుంటాయి? రోజూ మొహమొహాలు చూసుకోవాల్సిన చోట మాటతో తేల్చుకోవడమే ముందు దారి.

ఆ మాట తొలిసారే, నలుగురిలో కాకుండా విడిగా, నిష్ఠూరం లేకుండా అడగాలి. "దాని బాగు కోరే చేశారని తెలుసు. కానీ డాక్టరు చిక్కం తియ్యొద్దన్నారు. ఏదైనా తేడాగా కనిపిస్తే నాకు ఫోన్ చెయ్యండి, మీరుగా తియ్యకండి" అంటే చాలు. కారణం చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు. సలహాకూ చేతకూ తేడా చూడడమూ అవసరమే. అనుభవజ్ఞులు చెప్పింది వినడంలో నష్టం లేదు, కొత్త యజమాని కంట పడని లోపం వాళ్ల కంట పడవచ్చు. అడక్కుండా చేతులు పెట్టినప్పుడే అభ్యంతరం.

తర్వాతి మెట్టు కాగితం. గది తలుపు మీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు రాసి పెట్టాలి. ఏం తినకూడదు, రగ్గు ఎప్పుడు, ఫోన్ నంబరు ఏది అన్నీ అందులో ఉండాలి. దాణా డబ్బాకు, మందుల పెట్టెకు తాళం వెయ్యొచ్చు. గది తలుపుకు మాత్రం తాళం వెయ్యకూడదు, మంటలు లేస్తే గుర్రాన్ని బయటికి లాగడానికి అది అడ్డవుతుంది. అయినా ఆగకపోతే తేదీలు, ఫోటోలతో యార్డు నిర్వాహకుల ముందు పెట్టాలి. తీర్పు చెప్పాల్సింది వాళ్లే. వాట్సాప్ గ్రూపులో ఎత్తిపొడుపు మాటలు రాసుకుంటే యార్డు రెండు ముఠాలవుతుందే తప్ప గుర్రానికి ఒరిగేదేమీ ఉండదు.

ముట్టుకోవద్దన్నారు కదా అని ఆపదలో చేతులు కట్టుకుని నిలబడడమూ తప్పే. గుర్రం కడుపునొప్పితో పొర్లుతున్నా, గోడవార పడిపోయి లేవలేకపోతున్నా, జారిన రగ్గు కాళ్లకు చుట్టుకున్నా, కంచె తీగలో ఇరుక్కున్నా చూసినవాళ్లు తక్షణం కదలాలి, యజమానికీ డాక్టరుకూ ఫోన్ చెయ్యాలి. అందుకే యజమాని అందుబాటులో లేకపోతే డాక్టరును ఎవరు పిలవాలి, ఎంత ఖర్చుదాకా ఒప్పుకోవచ్చు, బతికే ఆశ లేనప్పుడు నిర్ణయం ఎవరిది అన్నవి ముందే రాసి యార్డులో ఇచ్చి ఉంచడం మంచిది. ఇక గుర్రాన్ని నిజంగానే పస్తులుంచుతున్నారనే అనుమానం ఉంటే దొంగచాటుగా మేత వెయ్యడం పరిష్కారం కాదు. ఆర్‌ఎస్‌పీసీఏ, వరల్డ్ హార్స్ వెల్ఫేర్ వంటి జంతు సంక్షేమ సంస్థలకు చెబితే తెలిసినవాళ్లు వచ్చి చూస్తారు.

బయటివాళ్ల జోక్యం మరో తలనొప్పి. ఇంగ్లండ్‌లో ప్రజలు నడిచే హక్కున్న కాలిబాటలు చాలాచోట్ల పచ్చిక బయళ్ల మధ్య నుంచే వెళ్తాయి. 2020 లాక్‌డౌన్‌లో పల్లెదారుల్లో నడిచేవాళ్లు పెరిగారు, కంచె మీదుగా రొట్టె, బంగాళాదుంపలు, పెరట్లో కోసిన గడ్డి వేసేవాళ్లూ పెరిగారు. ఆ పెరటి గడ్డి త్వరగా పులుస్తుంది, కడుపులో ముద్దకడుతుంది. గుర్రాలకు ఏమీ పెట్టవద్దని బ్రిటిష్ హార్స్ సొసైటీ వంటి సంస్థలు పదే పదే వేడుకోవాల్సి వచ్చింది.

ఇన్ని తగువులకు వెనక ఒక లోటు ఉంది. స్వారీ నేర్పే బడికి ఇంగ్లండ్‌లో లైసెన్సు తప్పనిసరి. గుర్రాలకు ఆశ్రయమిచ్చే లివరీ యార్డుకు అక్కర్లేదు. బ్రిటిష్ హార్స్ సొసైటీ తనిఖీ చేసి కొన్ని యార్డులకు గుర్తింపు ఇస్తుంది, కానీ అది ఇష్టపడి తీసుకునేదే. పది గుర్రాలు, పదిమంది యజమానులు ఉన్నచోట ఎవరి అధికారం ఎంతవరకో తేల్చే కనీస నియమం ఉండి తీరాలి. చట్టం వచ్చేలోగా ఆ పని లిఖిత ఒప్పందం చెయ్యగలదు. అద్దె, నోటీసు గడువు మాత్రమే కాదు, యజమాని అనుమతి లేకుండా ఇతరుల గుర్రానికి మేత, మందు, రగ్గు మార్చకూడదన్న వాక్యం కూడా అందులో ఉండాలి. కొత్త యార్డులో చేరబోయేవాళ్లు గది ఎంత పెద్దదో, పచ్చిక ఎంత పచ్చగా ఉందో చూడడంతో పాటు ఆ వాక్యం ఉందో లేదో చూసుకుని, లేకపోతే రాయించుకున్నాకే సంతకం పెట్టాలి.