కరిసల్ సీమలో తెలుగు పత్తిరైతులు

తమిళనాడు దక్షిణ భాగమున కోవిల్‌పట్టి, ఎట్టయాపురము, సాత్తూరు, విళాత్తికుళము ప్రాంతములలో నల్లనేల విస్తరించియున్నది. తమిళులు దీనిని 'కరిసల్' అందురు, తెలుగువారికిది రేగడి. ఈ రేగడియే 'రేగుర్' అను రూపమున ఆంగ్ల భూశాస్త్ర గ్రంథముల కెక్కినది. నేల పేరునకు ఇంత ఖ్యాతి కలిగినను, ఆ నేలను సాగుచేసిన తెలుగువారి కథ మనలో పలువురెరుగరు.

ఈ వలస ఒక్కనాడు జరిగినది కాదు. 14వ శతాబ్దిలో విజయనగర సేనలు మధురను జయించిన పిదప, 16వ శతాబ్దిలో మధుర నాయకరాజ్యము నెలకొన్న తరువాత మరింతగా, రాజకంబళ నాయకులు, కమ్మవారు, రెడ్లు మున్నగువారు గుంపులు గుంపులుగా వచ్చిరి. తామ్రపర్ణి తీరపు వరిపొలములు అప్పటికే అన్యుల వశమున నుండెను. మిగిలినది వానపై ఆధారపడు నల్లనేల. రేగడి సేద్యము తెలిసినవారు గావున దానిని పత్తిచేలుగా మార్చిరి. తమను తరిమిన శత్రువులనుండి తప్పించుకొనుచుండగా, ఏటియొడ్డున కానుగచెట్లు వంగి వంతెనయై దాటించెనని రాజకంబళ నాయకుల వంశగాథ చెప్పును. 1799లో కయత్తారున ఉరితీయబడిన పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన ఈ వర్గమువాడే.

ఈశాన్య ఋతుపవనపు వానలకు విత్తిన పత్తి, నల్లమట్టి పట్టియుంచిన తేమతోనే పెరిగి, మాఘ ఫాల్గుణములలో తీతకు వచ్చును. 'కరుంగన్ని' అను దేశవాళి పత్తి ఈ నేలకు పేరు తెచ్చినది. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధమున భారతదేశపు పత్తికి ధర పెరిగెను. అనంతరము రైలుమార్గము ఈ పంటను తూత్తుకుడి రేవునకు చేర్చెను. 1901లో కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన కేంద్రము ఏర్పడినది. ఇటీవల మొక్కజొన్న మున్నగు పంటలు పత్తిచేలను ఆక్రమించుచున్నవి. అగ్గిపెట్టెల పరిశ్రమ అనేకులకు జీవనాధారమైనది.

ఇన్ని తరములు తెలుగు నిలిచినది ముఖ్యముగా లిపివలన కాదు, ఇంటిమాటవలన, చేనిపనివలన. విత్తు, కలుపు, పూత, కాయ, దూది, గింజ, ఏకు, కదురు: ఇట్టి మాటలు పనితోనే నేర్చుకొనబడును. పని పోయినచో మాటయు పోవును. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్యకు సదుపాయము కల్పింపవలెనని చెప్పుచున్నది. 2006 నాటి చట్టము తమిళనాడు పాఠశాలలలో తమిళమును క్రమక్రమముగా నిర్బంధము చేసినది. తమిళము నేర్చుట అవసరమే. దానితోపాటు తెలుగు నిలుచుటయు అవసరమే.

ఇందుకొక మార్గము ఆ సీమయే చూపినది. ఇడైసేవల్ గ్రామమున తెలుగు కుటుంబములో పుట్టి, 2021లో దివంగతుడైన కి. రాజనారాయణన్, ఈ వలసకథను 'గోపల్ల గ్రామము' అను తమిళ నవలగా వ్రాసెను. దాని అనుబంధ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆయనయే కరిసల్ తమిళ పలుకుబడులకు నిఘంటువును కూర్చెను.

అదే పని కరిసల్ తెలుగునకును జరుగవలెను. విద్యార్థులు తాతమ్మలను, అవ్వలను అడిగి పత్తిపనుల మాటలను, పత్తిగింజల పాలు కాచు విధమును, వంశగాథలను వారి ఉచ్చారణలోనే వ్రాసికొనవలెను. పాఠ్యపుస్తకపు తెలుగుతో పోల్చి వానిని తప్పులని దిద్దరాదు. తన ఇంటిమాట తప్పని విన్న బిడ్డ దానిని విడిచిపెట్టును; అది తన పూర్వుల ఆస్తియని విన్న బిడ్డ దానిని కాపాడును.