నేల నీటిని త్రాగు విధము
వికారాబాదు, తాండూరు ప్రాంతముల రైతులకు

ఈ ప్రాంతములందు ఎఱ్ఱ చెలకలును, నల్ల రేగడులును గలవు. రెండింటను వర్షాధారపు సేద్యమే విశేషము. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది, వానలు వెనుకపట్టిన పిదప నేలలో మిగిలిన తేమపైననే కాయ పట్టవలసియుండును. కావున పడిన వాన యెంత యనుటకంటె, ఇంకిన దెంత యనుటయే రైతునకు ముఖ్యము.

నేల యనగా సన్నని రేణువుల కూడిక. రేణువుల నడుమ సందులు గలవు. నీరు తన బరువుచే క్రిందికి దిగును. మఱియు దీపపు వత్తి నూనెను పీల్చినట్లు సందులును నీటిని పీల్చును. సందు వెడల్పు సగమైనచో పీల్చు బలము రెండింతలగును. కాని ఒకే ఒత్తిడికి దానిగుండ పాఱు నీరు 16వ వంతునకు తగ్గును. అందుచేతనే గట్టిపడిన నేల నీటిని మెల్లగా త్రాగును. పీల్పు వేగమును దూరముతో తగ్గును: మొదటి అంగుళము ఒక గడియలో తడిసినచో, రెండంగుళములు తడియుటకు నాలుగు గడియలు పట్టును. అమెరికా శాస్త్రజ్ఞుడు వాష్‌బర్న్ 1921లో ఈ లెక్కను వివరించెను.

చెలకలలో వాన చినుకులు పెడ్డలను చితుకగొట్టగా సన్నమన్ను సందులను పూడ్చి, ఎండిన పిదప గట్టి పైపొర యగును. రేగడులు వేసవిలో నెఱ్ఱెలు వాఱి తొలివానను లోతునకు దీసికొనును. తడిసిన పిదప మన్ను ఉబ్బి నెఱ్ఱెలు మూసికొనును. తడినేలపై బండ్లు, ట్రాక్టర్లు నడిపినను, ఏటేట ఒకే లోతున దున్నినను అడుగున గట్టిపొర ఏర్పడును. అప్పుడు చెలకలోని నీరు మన్నుతోగూడ వాగు పాలగును. రేగడిలో నీరు నిలిచి, వేళ్లకు గాలి యందక కంది వడలును.

పరీక్ష సులభము. అడుగు తీసిన డబ్బాను రెండంగుళములు నేలలో దిగగొట్టి, కొలిచిన నీరు పోసి, ఇంకు కాలమును చూడవలెను. చెట్టుక్రింద ఆకులు కుళ్లిన మన్నులో నట్లే చేసి పోల్చవలెను. చేనిలో ఆలస్యము మిక్కుటమైనచో సందులు మూసికొనినవని యెఱుంగవలెను.

చేయవలసిన పనులు:
1. మన్నును ఉండ చేసి జాఱవిడిచిన పొడియైనచో పదును కుదిరినట్లు; ముద్దగా నున్నచో దున్నరాదు.
2. వాలునకు అడ్డముగా దున్నవలెను. దున్ను లోతును మార్చుచుండవలెను.
3. చెలకలో పైపొర కట్టినప్పుడు గుంటకతో విరువవలెను.
4. రేగడిలో సాళ్ల నడుమ బోదెలు తీసి, మిగులు నీటిని మెల్లగా వెలుపలికి పంపవలెను.
5. పశువుల పెంటను, రాలిన ఆకును కాల్చక నేలలో కలుపవలెను. ఇవి రేణువులను గుదిగూర్చి సందులను నిలుపును.

సందులు తెఱచియున్న చేనికి ఒక్క మంచి వానయు పలుదినముల తేమ నిచ్చును.